గోడ అవతలి పేము కుర్చీలు

నేను ఒక షాకు మిషనును. టేకు చెక్క పెట్టె, దాని మీద రెండు నాబులు, ఒక ఎర్ర బల్బు, రెండు తీగలు, తీగల చివర కణతలకు ఆనించే గుండ్రటి బిళ్ళలు. నా రూపం ఇంతే. హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పక్క బల్ల మీద రేడియోలు తయారయ్యేవి. వాటిని కొనుక్కున్నవాళ్ళు గూట్లో పెట్టి కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతారట. నన్ను చూసినవాళ్ళు మాత్రం గొంతు తగ్గించేవారు. నా అసూయ ఆ షెడ్డులోనే మొదలైంది.

కాకినాడలో మనోవ్యాధులకు వైద్యం చేసే భుజంగరావు గారు నన్ను కొన్నారు. ఆ రోజుల్లో రోగికి మత్తు ఇచ్చేవారు కాదు. నలుగురు పట్టుకునేవారు, కరుణమ్మ సిస్టరు పళ్ళ మధ్య గుడ్డ పెట్టేది, డాక్టరు గారు మీట నొక్కేవారు. మంచం పట్టినవాళ్ళు కొందరు లేచి తిరిగారు. కొందరికి నా అవసరమే లేదు. మొగుడికి ఎదురు తిరుగుతోందని ఒకావిడను తీసుకొచ్చారు. ఆమెకు ఉన్న జబ్బల్లా ఆ ఇల్లే. ఆరుసార్లు నన్ను పెట్టాక ఆమె పుట్టింటి వీధి పేరు మర్చిపోయింది, ఏడుపు మాత్రం మానలేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఆమెను తలుచుకునే కాబోలు, మత్తు డాక్టరు లేకుండా, రోగి తరఫు సంతకం లేకుండా నన్ను ముట్టకూడదని భుజంగరావు గారు తర్వాత నియమం పెట్టుకున్నారు.

మాత్రలు వచ్చి నా పని తగ్గించాయి. వాటి మీద నాకంత కోపం లేదు, అవీ నాలాగే నోరులేనివి. నా కడుపు మండింది హైమవతి గారు వచ్చాకే. ఆవిడ చదువుకున్నది మాటలతో వైద్యం. నా గది పక్క గదిలో రెండు పేము కుర్చీలు వేయించుకున్నారు. తీగ లేదు, మీట లేదు. మనుషులు లోపలికి వెళ్ళి ఏడ్చేవారు, ఒక్కోసారి నవ్వేవారు, వచ్చే వారం మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే వచ్చేవారు. నా గదికి ఎవరైనా తమంతట తాము వచ్చారా? గోడకు ఇవతల కూర్చుని ఆ కుర్చీలను తిట్టుకునేదాన్ని.

అప్పుడే కోటిరత్నాన్ని తీసుకొచ్చారు. యానాం దగ్గర జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే నూకరాజు భార్య. చెక్కబొమ్మలా కదలకుండా కూర్చుంది.

"పదకొండు రోజులైందండి, మెతుకు ముట్టట్లేదు. పేగులు కుళ్ళిపోయాయి, నాకెందుకు కూడంటదండి. మాత్రేస్తే ఉమ్మేత్తంది" అన్నాడు నూకరాజు.

ఆమెను ముందు పేము కుర్చీలోనే కూర్చోబెట్టారు. గంటసేపు గోడ అవతల ఒక్క గొంతే వినిపించింది. హైమవతి గారు బయటికొచ్చి భుజంగరావు గారితో అన్నారు, "నా మాట ఆవిడ దాకా వెళ్ళట్లేదండి. నేనింకా మాటలతోనే కూర్చుంటే ఆవిడ ప్రాణం పోతుంది. మీ మిషనే పెట్టండి."

ఆ మాట విని నేనెంత పొంగిపోయానో చెప్పలేను.

నూకరాజు సంతకం పెట్టాడు. మత్తు సూది వేశారు. ఉప్పునీళ్ళలో తడిపిన బిళ్ళలు ఆమె కణతలకు ఆనించారు. ఆమె కాలి వేళ్ళు మాత్రం అదిరాయి. నాలుగోసారి అయ్యాక, మెలకువ వచ్చి, మొగుణ్ణి చూసి అంది, "ఏమయ్యో, కూసింత మజ్జిగుంటే పొయ్యి."

నూకరాజు గ్లాసు పట్టుకుని ఏడ్చాడు. ఇక ఈమె నాది అనుకున్నాను.

కాదు. ఎనిమిదోసారితో నా పని అయిపోయింది. ఆ తర్వాత ప్రతి గురువారం ఆమె పేము కుర్చీలోకే వెళ్ళింది. తల్లి చావుబతుకుల్లో ఉండి కబురంపితే అలిగి వెళ్ళలేదట. ఆ సంగతి హైమవతి గారికి చెప్పడానికి మూడు నెలలు పట్టింది. ఎనిమిదిసార్లు ఆ తలను తాకిన నాకు లోపల ఒక తల్లి ఉందని తెలియనే లేదు. వరండాలో ఆమె అందరితో "హైమవతమ్మే నన్ను బతికించింది" అనేది. నా పేరు ఎత్తేది కాదు. మత్తులో ఉన్న మనిషికి నేనెలా గుర్తుంటాను?

ఏడాది గడిచాక మాత్రలు తనంతట తనే మానేసి, మళ్ళీ తిండి సయించక వచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నేను సంతోషించాను. మీట నొక్కుతారని ఎదురుచూశాను. నొక్కలేదు. "తిరగబెట్టిన మొదట్లోనే వచ్చావు, మంచి పని చేశావు" అన్నారు హైమవతి గారు. మాత్రలు, మాటలు కలిసి నెలన్నరలో ఆమెను నిలబెట్టాయి. నేను దుమ్ము పట్టాను.

కొన్నేళ్ళకు భుజంగరావు గారు కొత్త షాకు మిషను కొన్నారు. చిన్నది, తెల్లనిది, గుండె కొట్టుకునే తీరు కాగితం మీద గీసి చూపిస్తుందట. నన్ను వరండా చివర పాత ఫైళ్ళ గదిలో పెట్టారు. అసూయపడడానికి ఇంకొకరు దొరికారు.

మొన్న ఆ గది తలుపు ఓరగా తీసి ఉంది. బయట బెంచీ మీద ఒక ముసలాయన సంతకం కాగితం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి లోపల మంచం మీద ఆయన కూతురు తిండి మానేసి పడుకుని ఉంది. "కరెంటు పెడతారంటమ్మా. నా బిడ్డ ఏమైపోద్దో" అంటున్నాడు. పక్కన మాత్రల కోసం వచ్చిన కోటిరత్నం ఉంది. జుట్టు నెరిసింది.

"నాకూ పెట్టారు బాబాయ్" అంది. "నొప్పి తెలీదు. అబద్ధం చెప్పను, కొన్ని పోయినయ్. మా పిల్ల ఓణీల పండగ నా చేతులతోనే చేశానంట, ఫొటోలో నేనున్నాను, నాకు మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు. శానా రోజులు ఏడ్చాను దానికి."

"మరి?"

"మరి ఆయాల పెట్టకపోతే ఫొటో చూసి ఏడవడానికి నేనుండేదాన్ని కాదు. అదొక్కటే సరిపోదు బాబాయ్. లేచాక మాత్రలు మానకూడదు, మనసులోది ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. ముందు పిల్లని లేవనియ్యి."

 ముసలాయన ఆమె దగ్గరే పెన్ను అడిగి సంతకం పెట్టాడు.

ఆయన కూతురిని లేపేది ఆ తెల్ల మిషను. లేచాక ఆమె వెళ్ళి కూర్చునేది పేము కుర్చీలో. నాకు అసూయగానే ఉంది, దాచను. కానీ కోటిరత్నం చెప్పిన ఆ మాటలు, నా వల్ల పోయినవీ మిగిలినవీ కలిపి, ఆమె మొదటిసారి నా గురించి అన్నవి.