రెండు పక్కలా x

నేను ఒక నల్లబల్లను. నా ఒంటి మీది నాలుగు వరుసల లెక్క ఇంకాసేపట్లో ఒక ఆడపిల్లను పోలీసు జీపు ఎక్కించబోతోంది. అంతకుముందే నన్ను తుడిచేస్తారేమో కూడా. తడిగుడ్డలోంచి కారే నీళ్ళు అప్పుడే నా అంచు మీద పడుతున్నాయి.

“తుడిచెయ్యవే లచ్చుమమ్మా! పోయినాయన రాత. పిల్లలు చూస్తే జడుసుకుంటారు” అంటున్నాడు హెడ్మాస్టర్ ఫల్గుణరావు.

“అలగే బావూ” అంది ఆయా లచ్చుమమ్మ. చేయి మాత్రం కదపలేదు. ఆమెకూ భయమే.

“ఉండనివ్వండి సార్. అది సాక్ష్యం” అన్నాడు మేనేజర్ వైకుంఠరావు.

“ఎవరూ ముట్టుకోవద్దు” అన్నాడు ఎస్సై కూర్మారావు. గుడ్డ వెనక్కి తగ్గింది.

ఈ ఉదయం మా తరగతి వెనక మెట్ల కింద లెక్కల మాస్టారు తవిటినాయుడు శవమై దొరికారు. చొక్కా చిరిగి ఉందట. కాలు జారి పడ్డ మనిషి చొక్కా చిరగదని, ఎవరో తోసేశారని ఎస్సై అన్నాడు. నా మీద నిన్నటి తేదీ ఉంది. దాని కింద ‘ప్రత్యేక తరగతి, కుసుమ’ అని ఉంది. ఆ కింద లెక్క:

5x + 3 = 3x + 11
5x + 3x = 11 − 3
8x = 8
x = 1

కుసుమ పదో తరగతి పిల్ల. నిన్న బడి విడిచాక ఆగింది ఆమె ఒక్కర్తే. “నానొచ్చేసరికి మాస్టారు లేరు సార్. బోర్డు కాళీగా ఉంది. కాసేపు సూసి ఎల్లిపోనాను” అని ఏడుస్తోంది. బోర్డు ఖాళీగా లేదని నా మీది రాతే చెబుతోంది కదా! పాఠం జరిగింది, పిల్ల అబద్ధమాడింది, మొన్న మాస్టారు నలుగురిలో తిట్టారన్న కోపంతో తోసేసింది. పెద్దల లెక్క అంతదాకా వచ్చేసింది. తెలియనిదాని విలువ ఎంత తొందరగా కట్టేస్తారో ఈ మనుషులు!

నాకు కళ్ళు లేవు. వింటాను, తాకిన చేతిని మరచిపోను. అంతే.

తుపానుకు విరిగిన ఒక పడవ పక్కచెక్కను నేను. వడ్రంగి చిత్రిక పట్టి, బొగ్గూ దొండాకూ రుద్ది నల్లగా చేశాడు. మొదట రేవులో చేపల వేలంపాట పాడే పాకలో ఉన్నాను. సముద్రం మింగిన వాళ్ళ పేర్లు పొద్దున్న నా మీద రాసి ఏడ్చేవారు. సాయంత్రం అవే పేర్ల మీద వంజరం ధర రాసేవారు. ఆ పేర్లు తుడిస్తే పోయాయనుకున్నారు గానీ, వానాకాలం చెమ్మకు ఇప్పటికీ నాలో ఉబుకుతూనే ఉంటాయి. తర్వాత తవిటినాయుడు మాస్టారు నన్ను తన ట్యూషన్ పాకకు తెచ్చుకున్నారు. ఈ ప్రైవేటు బడికి ఆయన వెంటే వచ్చాను.

ఆయన చేయి పొడిగా, తేలికగా ఉండేది. సమానం గుర్తు దగ్గర ఒక్క క్షణం ఆగేది. “ఇదొక గెడ్డరా, పారే ఏరు. దాటినోడు తడవకుండా ఉండడు. అంకె దాటినా, అక్షరం దాటినా, గుర్తు మారాల్సిందే” అనేవారు.

నిన్న బడిగంట కొట్టగానే వెనక మెట్ల మీద ఆయన గొంతు వినిపించింది. “పరీక్షలో జవాబులు బోర్డు మీద రాసీమంటావా? నా సుద్దముక్క ఆ పని సెయ్యదు. రేపే పైవాళ్ళకి చెప్పేత్తాను.” అవతలి మనిషిది గుసగుసే తప్ప గొంతు లేదు. తర్వాత ఏదో దొర్లింది. కాసేపటికి కుసుమ ముందు మెట్ల మీంచి వచ్చింది, కూర్చుంది, వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చింది ఆ చేయి. చెమటకు సుద్ద మెత్తబడి నాకు అంటుకుపోయింది. ఎవరి రాతో పోల్చుకోలేని అచ్చక్షరాలు. ఆయన సుద్దపొడి నా రంధ్రాల్లో ఇంకా ఉండగానే, ఆ చేయి చచ్చిపోయిన మనిషి చేత పాఠం చెప్పించింది. రాత్రంతా ఆ లెక్క నా మీద శవంలా పడుకుంది.

“ఈ లెక్కేనా చెప్పారు నీకు?” అని ఎస్సై గద్దించాడు. కుసుమ ఏడుపు ఉన్నట్టుండి ఆగింది.

“సార్... ఇది మాస్టారు సేసింది కాదు.”

“ఎలా తెలుసు?”

“తప్పు సార్ ఇది.”

ఎస్సై కుసుమను ఉంచి, మిగతా అందరినీ వరండాలోకి పంపి తలుపు వేశాడు. కుసుమ వేలు నా మీద ఆనింది. చల్లటి వేలు.

“ఈ 3 అటు దాటింది. ప్లస్సు పోయి మైనస్సు అయింది, బాగుంది. మరి 3x కూడా ఇటు దాటింది కదా సార్? దాని గుర్తు మారలేదు. 5x లోంచి 3x పోవాల. 2x = 8. x అంటే 4.”

ఎస్సై పైకే లెక్క కట్టాడు. x కి 1 పెడితే ఎడమ పక్క 8, కుడి పక్క 14. 4 పెడితే రెండు పక్కలా 23.

“నిద్దట్లో లేపి అడిగినా మాస్టారు ఈ తప్పు సెయ్యరు సార్” అంది కుసుమ.

“నువ్వు ఆ మూల కూర్చో. నోరు మెదపకు” అని ఎస్సై నన్ను స్టాండు మీద వెనక్కి తిప్పాడు. నా రెండో ముఖం మీద 4x + 2 = 2x + 14 అని రాశాడు.

మొదట ఫల్గుణరావును పిలిచాడు.

“తెలుగు పండితుణ్ణి నాయనా, నాకెందుకీ శిక్ష?” అని గొణిగాడాయన. ఒకటి పెట్టి చూశాడు, రెండు పెట్టాడు, అలా ఆరు దాకా వెళ్ళి “హమ్మయ్య, కుదిరింది!” అన్నాడు. పొడి చేయి అది. ఎస్సై ఆయన రాతను తుడిచి, తన లెక్క ఒక్కటే ఉంచి, వైకుంఠరావును పిలిచాడు.

“నిన్న మీరు ఊళ్ళో లేరన్నారు?”

“బెల్లు కొట్టకముందే పలాస బస్సెక్కేశాను సార్.”

“కేసు రాసుకోవాలి. ఈ లెక్కలేమో నాకు రావు. ఆ పిల్లకు చెప్పిన పాఠం ఎలాంటిదో కాస్త చూపిస్తారా?”

“దానికేం భాగ్యం! నేనూ ఆయన శిష్యుణ్ణే” అని నవ్వాడు వైకుంఠరావు. సుద్ద నాకు తగిలింది. తడి సుద్ద. పడవగా ఉన్నప్పుడు కూడా నేనంత చలి ఎరగను.

4x + 2x = 14 − 2
6x = 12
x = 2

“ఈ 2x ఇటొచ్చింది కదా, దీని గుర్తు మారదా?” అన్నాడు ఎస్సై, ఏమీ తెలియనట్టు.

“అంకెలకే సార్ మారేది. x కి గుర్తేంటి?”

ఎస్సై నన్ను మెల్లగా తిప్పాడు. మొదటి ముఖం ముందుకొచ్చింది. సుద్దముక్క నేల మీద పడి విరిగింది.

“పిల్లలూ రాస్తారు సార్ ఇలాంటి తప్పు...” అన్నాడు వైకుంఠరావు. అతని గొంతులో ఇప్పుడు గుసగుసే మిగిలింది. మెట్ల మీద విన్న గుసగుస.

“పలాస బస్సులో కూర్చుని రాశారా?” అని ఎస్సై తలుపు బార్లా తెరిచాడు. “కుసుమా, ఇలా రామ్మా. మాస్టారు పోయాక ఆయన పేరున ఇది రాసిందెవరు? వరండాలో వాళ్ళకూ వినపడాలి.”

‘మేనేజర్ సార్’ అనడమే గానీ ఆ బడిలో ఏ పిల్లా ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి ఎరగదు. కుసుమ నా పక్కనే నిలబడి, నా చట్రం పట్టుకుంది.

“వైకుంఠరావు” అంది. “మా మాస్టార్ని సంపీసినోడు వైకుంఠరావు.”