పడిపోయినవాళ్ళ లెక్క

వచ్చిన అంబులెన్స్ కాల్స్‌ను కోడ్లవారీగా లెక్కగట్టడం నా పని. రైల్వే స్టేషన్ వెనక వీధుల నుంచి 'జారిపడటం' కోడ్ కింద వారానికి ఇద్దరో ముగ్గురో వస్తారు, అందరూ ముసలివాళ్ళే. ఈ వారం పద్నాలుగు మంది. వయసులు చూస్తే ఇరవై రెండు, పందొమ్మిది, ముప్పై. పదేళ్ళ లెక్కలు ముందేసుకుని చూశాను. ఇంతమంది ఊరికే పడే అవకాశం వెయ్యిలో ఒక వంతు కూడా లేదు.

రికార్డింగులు విన్నాను.

"మా అన్న పడిపోయాడండీ" అంటోంది ఒక అమ్మాయి.

"ఎక్కణ్ణుంచి పడ్డాడమ్మా?"

"ఎక్కణ్ణుంచీ కాదండీ, కుర్చీలోనే ఉన్నాడు. పిలిస్తే పలకట్లేదు. పెదాలు నీలంగా అయిపోయాయి."

ఆపరేటర్ మహానుభావుడు ఆ 'పడిపోయాడు' ఒక్కటే పట్టుకుని జారిపడటం కోడ్ వేసేశాడు. బండి కట్లు, పట్టీలు వేసుకుని వెళ్ళింది. మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే వేసే విరుగుడు సూది మాత్రం వెళ్ళలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పెద్దసారు మీటింగులో ఉన్నారు. పొద్దుటి నుంచి మూడింటిదాకా ఆయన గది బయట నిలబడ్డాను.

"ఏదో కొత్త మత్తు సరుకు దిగింది సార్. హెచ్చరిక పంపాలి."

"ల్యాబ్ రిపోర్టు రానీమ్మా, ఆరు వారాలేగా. తీరా కాదని తేలితే నవ్వులపాలవుతాం."

"నవ్వనివ్వండి సార్. నవ్వడానికైనా మనుషులు మిగలాలిగా."

"నా సంతకం లేకుండా పంపితే నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు."

ఆ సంతకం ఆయన్నే ఉంచుకోమని నా బల్ల దగ్గరికొచ్చాను. ప్రతి బండికీ, ప్రతి ఆసుపత్రికీ నా పేరుతోనే పంపాను: కుర్రవాళ్ళు పడిపోయారంటే ముందు ఊపిరి చూడండి, విరుగుడు సూది వెంట తీసుకెళ్ళండి. భయం లేదని అబద్ధమాడను.

మూడో రోజు మెమో వచ్చింది. అనుమతి లేకుండా ఎందుకు పంపారో ఇరవై నాలుగు గంటల్లో వివరణ ఇవ్వాలట. అప్పుడే బండి డ్రైవరన్న ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, తొమ్మిది మందికి సూదేశాం. అందరూ లేచి కూర్చున్నారు. ఒకడైతే మత్తంతా దింపేశావని నన్నే తిట్టాడు."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నువ్వు హెచ్చరిక పంపడానికి గంట ముందు మాత్రం ఒక పిల్ల పోయింది. పద్దెనిమిదేళ్ళు."

మెమోకి జవాబు రాశాను: "అనుమతి లేకుండా పంపినందుకు నా దగ్గర వివరణ లేదు. మీ గుమ్మం ముందు పూటంతా ఆగినందుకు మాత్రం ఇచ్చుకోవాలి. అది, హెచ్చరికకి గంట ముందు పోయిన పిల్ల తల్లికి చెప్పాలి. రేపు వెళ్తున్నాను, మీరూ రండి."