వెనకవైపు చుక్కలు

లక్ష్మీప్రసన్న బందరు కాలేజీలో జువాలజీ లెక్చరరు. మూడేళ్లుగా ఆదివారమొస్తే చాలు, వల భుజాన వేసుకుని ఓ వారం గుడివాడ, ఓ వారం పాలకాయతిప్ప తిరుగుతూ చిన్న పసుపు సీతాకోకచిలుకల వెంటపడుతోంది. ఆవిడ పిచ్చి బస్సు కండక్టర్లకు కూడా తెలుసు. సముద్రపు ఒడ్డున దొరికే వాటి రెక్కలకు నల్ల అంచు కాస్త వెడల్పు. కాబట్టి అవి గుడివాడ వాటిలోనే తీరప్రాంతపు రకమని ఆవిడ వాదన.

విశాఖలో ఉన్న పీహెచ్‌డీ గైడు గోవర్ధనరావుగారు దాన్ని ఒక్క ఉత్తరంతో తేల్చేశారు. "అంచు వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉంటుందమ్మా. ఎప్పుడూ మారని తేడా ఒక్కటి చూపించు. సోమవారంలోగా చూపించలేకపోతే టాపిక్ వదిలెయ్."

పెద్ద బొమ్మలు గీయిస్తే తేడా ఏదైనా బయటపడుతుందేమోనని, శనివారం రెండు చోట్లా పట్టినవి గుచ్చిపెట్టిన పెట్టెలు రెండూ పట్టుకుని పెడన వెళ్లింది. అక్కడ రాంబాబు కలంకారీ అచ్చులు చెక్కుతాడు. పెట్టెల్లోకి తొంగిచూసి, "వీటి వెనకవైపు ఎలా ఉంటుందండీ?" అన్నాడు.

"వెనకెందుకండీ?"

"అదేంటండీ! బట్ట చేతికి రాగానే మేం తిరగేసే చూస్తాం. అద్దకం సంగతి వెనకే తెలుస్తుంది."

లక్ష్మీప్రసన్న ఇన్నాళ్లూ పట్టిన ప్రతిదాన్నీ పైవైపు కనబడేలా అట్టకు గుచ్చడమే గానీ, అడుగువైపు చూసిన పాపాన పోలేదు. ఎమ్మెస్సీ ఫస్టుక్లాసు మరి!

గుడివాడదాన్ని సూదితో సహా పీకి తిప్పింది. ముందు రెక్క అడుగున రెండు చుక్కలు. పాలకాయతిప్పది తిప్పింది. మూడు! వానాకాలానివి తిప్పింది, ఎండాకాలానివి తిప్పింది. గుడివాడవన్నీ రెండే, పాలకాయతిప్పవన్నీ మూడే. పట్టలేని ఆనందంతో ఆవిడ వేసిన కేకకు అద్దకంవాళ్లంతా పని వదిలేసి చుట్టూ మూగారు.

"ఇవి ఒక అచ్చువి కావండీ," అన్నాడు రాంబాబు తేలిగ్గా. "అచ్చు అరిగితే గీత లావవుద్ది గానీ, కొత్త చుక్క ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆవిడ ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తింది.

"సార్, నా వాదన తప్పండీ! అది రకం కాదు, అసలు జాతే వేరు! ఏ కాలంలోనూ చుక్క మారలేదు!"

మూడేళ్ల వాదన తప్పని ఇంత సంబరంగా చెప్పిన విద్యార్థిని గోవర్ధనరావుగారు చూసి ఉండరు.

"టాపిక్ వదలొద్దు, టైటిల్ మార్చు. ఇంతకీ ఈ తేడా పట్టిందెవరమ్మా?"

ఆవిడ రిసీవరు చేత్తో మూసి, వెనకే వచ్చి బయట నిలబడ్డ రాంబాబును కేకేసింది. "మీ పూర్తి పేరు చెప్పండి. థీసిస్ మొదటి పేజీలో వేయాలి."

రాంబాబు రెండు చేతులూ లుంగీకి తుడుచుకుని, ఇంటిపేరుతో సహా ఒక్కో అక్షరం చెప్పాడు.