ఏడెనిమిదుల దగ్గర

పిల్లల చేత ఎక్కాలు చెప్పించే ఆటలు తయారుచేయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. కిటుకంతా బహుమతిలోనే ఉందని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది. మొదట్లో ఒప్పు చెప్పిన ప్రతిసారీ ఒక నక్షత్రం ఇవ్వాలి. అలవాటు పడ్డాక మూడింటికొకటి, అయిదింటికొకటి చేయాలి. చివరికి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియకుండా ఇవ్వాలి. ఇక పిల్లలు పిలిచినా పలకరు. తప్పు చెబితే మాత్రం తెర మీది బాతు అటు తిరిగి నిలబడుతుంది, అంతే. ఎవరూ పట్టించుకోని పనిని పిల్లలు వాళ్లంతట వాళ్లే మానేస్తారన్నది ఆమె సిద్ధాంతం.

ఇంత సిద్ధాంతమూ ఇంటి గడప దగ్గరే ఆగిపోయింది. ఎనిమిదేళ్ల కూతురు పిచ్చుకకు ఏడో ఎక్కం కొరకరాని కొయ్యయింది. శుక్రవారం ఆటను చూడడానికి హెడ్మాస్టర్లు వస్తున్నారు. "మీ పాపే ఆడి చూపిస్తే ఇంక తిరుగుండదు" అంటూ మేనేజరు వాళ్లకు మాటిచ్చేశాడు కూడా. పిల్ల అక్కడ తడబడిందంటే రెండేళ్ల కష్టం నీళ్లపాలే.

"అమ్మా, బాతు మళ్లీ అటు తిరిగేసిందే!"

"ఏం నొక్కావే?"

"ఏడెనిమిదులు... యాభై నాలుగు."

ఆమె ల్యాప్‌టాప్ మూసి, ఉసూరుమంటూ వచ్చి కూతురి పక్కన చతికిలబడేది. గుండీల డబ్బా బోర్లించి, ఏడేసి చొప్పున ఎనిమిది వరసలు పేర్చేది. పిల్ల భుజానికి ఆనుకుని బుద్ధిగా వినేది. సరిగ్గా చెప్పగానే "శభాష్!" అనేసి అమ్మ మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగు. పది నిమిషాలు తిరక్కుండానే ఏడారులు మొండికేసేవి.

నక్షత్రాలు రెట్టింపు చేసింది. బాతుకు కిరీటం పెట్టింది. ఎన్ని చేసినా పిచ్చుక లొంగలేదు.

ఎవరు ఏ వేళకు ఏ జవాబు నొక్కారో ఆట తనలో రాసిపెట్టుకుంటుంది. గురువారం సాయంత్రం ఇక దిక్కుతోచక ఆ జాబితా తెరిచింది. రోజూ మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక, అమ్మమ్మ కునుకు తీసే వేళలో, పిచ్చుక వందకు పైగా జవాబులు నొక్కింది. మచ్చుకైనా ఒక్క తప్పు లేదు. ఏడెనిమిదులు ఎన్నిసార్లు వచ్చినా యాభై ఆరే. తప్పులన్నీ ఆరింటి తర్వాతే. ఆమె ఆఫీసు నుంచి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచేది సరిగ్గా ఆరింటికి.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బాతు తప్పుకు వీపు చూపిస్తుంటే, ఇంట్లో తను ఒప్పుకు వీపు చూపిస్తోంది. తప్పు నొక్కితే అమ్మ దొరుకుతుందని పిల్లకు నెలల తరబడి దగ్గరుండి నేర్పింది తనే. సిగ్గుతో చచ్చినంత పనైంది.

హెడ్మాస్టర్ల సంగతి అప్పుడు గుర్తే లేదు. ల్యాప్‌టాప్ బీరువా మీద పెట్టేసి, గుండీల డబ్బా కూడా తీసుకోకుండా వచ్చి కూతురి పక్కన కూర్చుంది. పిచ్చుక వేలు తెర మీద ఆగిపోయింది. అమ్మను ఎగాదిగా చూసింది.

"అదేంటమ్మా, నేనింకా తప్పు నొక్కలేదుగా!"