మెంటర్ గారి సలహా

"ఈ ఏడాది టీమ్ లీడ్ పోస్టుకి అప్లై చెయ్యకమ్మా. నువ్వింకా పండాలి," అన్నాడు ఉదయ్ భాస్కర్, నీహారిక కొనిచ్చిన కాఫీ ఊదుకుని తాగుతూ.

ఆయన వేరే కంపెనీలో పెద్ద మేనేజరు, నీహారికకు మెంటర్. ప్రతి శనివారం నల్లగండ్ల కాఫీ షాపులో దర్శనమిస్తాడు. ఆత్మవిశ్వాసం పెరగాలంటూ, ఆమె ఆఫీసులో పేమెంట్ సిస్టమ్ ఎందుకు మొరాయిస్తోందో, దాన్నెలా బాగుచేయాలనుకుంటోందో ఆమె చేత పదేపదే చెప్పించుకుంటాడు.

ఆ పోస్టు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న నీహారిక, గురువు మాట కాదనలేక ఊరుకుంది.

సోమవారం ఆమె మేనేజరు రసజ్ఞ, "నువ్వెలాగూ అప్లై చెయ్యలేదు. ఆ పోస్టుకి బయటివాళ్ళ ఇంటర్వ్యూలున్నాయి, నాతో కూర్చో," అంది.

మొదట లోపలికొచ్చింది ఉదయ్ భాస్కరే! ఆయన ఉద్యోగం ఎప్పుడో ఊడిందని రెజ్యూమే చెబుతోంది. నీహారికను చూడగానే ఆయన నవ్వు సగంలో ఆగింది.

"మా పేమెంట్ సిస్టమ్ మాటిమాటికీ ఆగిపోతోంది. మీరైతే ఏం చేస్తారు?" రసజ్ఞ అడిగింది.

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. కాఫీ షాపులో నీహారిక చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"అబ్బ! ఇక్కడే పనిచేసినట్టు చెప్పారండీ!"

"పనిచేసింది నేను మేడమ్. ఈయన నా మెంటర్. నన్ను అప్లై చెయ్యొద్దన్నదీ ఈయనే," అంది నీహారిక. "నాకింకా టైముందా?"

"సాయంత్రం దాకా ఉంది." రసజ్ఞ రెజ్యూమేని బోర్లా పెట్టింది.

"నీ మంచికే చెప్పానమ్మా..." ఉదయ్ భాస్కర్ నీళ్ళు నమిలాడు.

నీహారిక లేచి ఆయన కోసం తలుపు తీసింది.

"తొందరపడకండి సర్. మీరింకా పండాలి."