పళ్ళు విరిచిన చక్రం

కాగితం మిల్లు మూతబడి పదిహేనేళ్ళయినా, మెయిన్ రాష్ట్రంలోని ఆ ఊళ్ళో అర్మాన్ తిబొడో బారులోకొస్తే పక్కవాళ్ళు స్టూళ్ళు జరుపుకునేవారు. పంతొమ్మిదివందల ఎనభైలో సమ్మెకి దిగబోయే పన్నెండుమంది పేర్లు ఎవరో హెడ్డాఫీసుకి టైపు చేసి పంపారు. తెల్లారేసరికి పన్నెండుమందీ రోడ్డున పడ్డారు. ఆ కాగితం చివర అచ్చయిన పేరు అర్మాన్‌ది. పైగా అతని ఉద్యోగం నిలిచింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

అతనితో మాట మానని వాడు లూసియెన్ మిషో ఒక్కడే. అప్పట్లో స్టోర్స్ గుమాస్తా, ఆ ఏడాదే ఫోర్‌మన్ అయ్యాడు. మిల్లు తుక్కు అమ్మినప్పుడు స్టోర్స్‌లోని తన టెలిటైపు, అంటే తీగ మీద కబురు పంపి అచ్చుకొట్టే యంత్రం, కొని గరాజులో దాచుకున్నాడు. శనివారం పాత కార్మికులంతా చర్చి హాల్లో కలుస్తున్నారు, అది టకటకా కొడితే మురిసిపోతారు, వచ్చి కంప్యూటర్‌కి కలిపిపెట్టమన్నాడు. మొండి యంత్రానికి మొండోడే మందన్నాడు.

అర్మాన్ ఎనిమిదో తరగతితో బడి మానేశాడు గానీ, మిల్లు లోడింగ్ షెడ్డులో ఇలాంటి యంత్రమే నడిపాడు, తీగల సంగతి తెలుసు. ఆ యంత్రానికి నేటి కంప్యూటర్ భాష ఎక్కదు. తీగలో కరెంటు పారితే ఒకటి, తెగితే సున్నా. దాని చదువు అంతే. మధ్యన దుబాసీలా చిన్న పెట్టె చేసి తెచ్చాడు. మొదట యంత్రం ఊరికే గడగడలాడింది. ఓ జత తీగలు తిరగేస్తే నెమ్మదించింది.

అలవాటుకొద్దీ కంప్యూటర్ నుంచి 'నువ్వెవరు' అనే సంకేతం పంపాడు. వెనకటి రోజుల్లో హెడ్డాఫీసు ప్రతి యంత్రాన్నీ అలాగే అడిగేది. మనిషి ముట్టుకోకుండానే లోపలి ప్లాస్టిక్ చక్రం తిరిగి, యంత్రం తన చోటు, తన్ను నడిపేవాడి పేరు తానే కొట్టేది; హెడ్డాఫీసుకి చేరిన కాగితం చివర పడేది అదే. ఆ పేరు కోసం చక్రానికున్న పళ్ళని పటకారుతో వరుసకొక అక్షరంగా విరుస్తారు. విరిగిన పన్ను మళ్ళీ మొలవదు.

చక్రం తిరిగింది. కాగితం మీద పడింది: లోడింగ్, ఎ. తిబొడో.

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే. అర్మాన్ తన చక్రం తానే విరుచుకున్నాడు, ఒక్కటంటే ఒక్కటి. అది లోడింగ్ షెడ్డులోని తన యంత్రంతోపాటే కొలిమికి పోయింది.

లూసియెన్ కాఫీ కప్పు బెంచీ మీద పెట్టాడు.

"ఆ చక్రం తీసేద్దామనే అనుకున్నాన్రా. తర్వాత వైరు పీకేసిన యంత్రమే కదా, ఎవడడుగుతాడులే అనుకున్నా."

అర్మాన్ అమ్మ శవపేటిక మోయటానికి ఆరుగురు దొరకని రోజున, ముందుకొచ్చి భుజం పట్టినవాడు వీడే. ఆ భుజాన్ని తలుచుకుని అర్మాన్ ఇన్నేళ్ళూ కళ్ళు తుడుచుకున్నాడు.

"పన్నెండుమందిలో తొమ్మిదిమంది పోయారు," అన్నాడు లూసియెన్, మెల్లగా. "చెప్పినా ఎవడు నమ్ముతాడ్రా? అది కొట్టేది నీ పేరే కదా."

"స్టోర్స్ అని ఇత్తడి పలక దీని వీపుకే ఉంది. ముగ్గురు మిగిలారుగా, శనివారం హాల్లో వాళ్ళచేతే 'నువ్వెవరు' అని దీన్ని అడిగిస్తా."

తీగలు విప్పి చుట్టాడు. చక్రం జోలికి పోలేదు. యంత్రం ఒక్కడు మోసేది కాదు.

"ఆ వైపు పట్టు," అన్నాడు. "బండి ఎక్కించాలి."

లూసియెన్ ఆ వైపుకి నడిచాడు. తర్వాత వంగి పట్టాడు.