బొమ్మ ఊపిరి

సొరబుర్రలోని మాతే తేయాకు మీద మళ్లీ వేడినీళ్లు పోసుకుని, ఇరాసెమా ఆ బుర్రకు వేళ్లు ఆనించి కాచుకుంది. కురిచీబా ఊరి చలి కిటికీ సందుల్లోంచి వస్తూనే ఉంది. పొట్టి మనిషి, కుర్చీలో కూర్చుంటే మడమలు నేలకానవు. ఇన్నేళ్లూ ఆమె పని ఒకటే: కంప్యూటర్ మెమరీలో ఒకచోటున్నదాన్ని ఇంకోచోటికి నకలు చేయించడం. అలాంటి పని ఒకటి జరుగుతుందని తెర చూసేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

"అక్కా, ఇటొచ్చి వింత చూద్దువుగాని!" పక్కగదిలోంచి దిర్సేవు కేకేశాడు. యంత్రాలను పరీక్షించేది అతనే.

బల్లమీద రబ్బరు పాప. గాలితిత్తితో దాని రొమ్ము ఆడిస్తూ, నెలతక్కువ బిడ్డల ఊపిరి కనిపెట్టే యంత్రాన్ని పరీక్షిస్తారు. దిర్సేవు తిత్తి ఆపేశాడు. రొమ్ము కదలడం లేదు. తెరమీద గీత మాత్రం హాయిగా లేచి పడుతోంది.

"బొమ్మ పోయింది. నీ తెరకింకా కబురందలేదు."

ఇరాసెమా నవ్వలేదు. "ఈ యంత్రాలు వార్డుకెళ్లేది రేపేగా?"

"రేపే. నువ్వేమో ఈ సాయంత్రానికే పింఛను దొరసానివి."

ఆమె తెర దగ్గరికి కుర్చీ లాక్కుంది. నకలు తీసే పద్ధతిని పోయినవారం తనే మార్చింది: ఏదైనా మారితేనే నకలు తియ్యి, లేకపోతే పాతదే చూపించు అని. ఎంత వేగం వచ్చిందో! అందరూ చప్పట్లు కొట్టారు. కానీ మార్పు కనిపెట్టే కాపలా ముందుగుమ్మంలో ఉంది. ఊపిరి కొలిచే పరికరం తన అంకెలను పెరటిదారిన నేరుగా మెమరీలో పడేస్తోంది. కాపలాకు తెలియదు. నకలు జరగదు. తెర పాత ఊపిరినే తిప్పి తిప్పి గీస్తోంది.

"ఆ మార్పు తీసేస్తున్నా," అంది ఇరాసెమా.

"అంతా? నీ గొప్పంతా అందులోనే ఉంది కదే అక్కా!"

"గొప్ప ఎవడిక్కావాలి, వెధవా! బిడ్డ ఊపిరాగితే తల్లికి తెలియొద్దూ?"

మధ్యాహ్నమంతా ఒక్కో వరుసే చెరిపింది. ఇక మార్పున్నా లేకున్నా, తెర గీత గీసే ప్రతిసారీ నకలు, నిదానమైనా సరే. దిర్సేవు మళ్లీ తిత్తి ఆడించి, ఆపాడు. ఆమె తనకు తెలియకుండానే బొమ్మ కాలు సర్దింది. గీత లేచింది, పడింది, పడుకుంది. గంట గీపెట్టింది.

"చచ్చిందా?" అవతలి గదిలోంచి ఎవరో అరిచారు.

"చచ్చిందోచ్!" దిర్సేవు కేకపెట్టాడు.

అందరూ నవ్వారు. ఇరాసెమా కళ్లు తుడుచుకుంది.

పొద్దు వాలాక ఇరాసెమా దిర్సేవు రెండు బుగ్గలూ ముద్దాడి, కోటు గుండీలు పెట్టుకుని, బస్సు పోతుందంటూ మెట్లు దిగింది. ఆమె కుర్చీలో ఊలు దిండు ఒకటి ఉండిపోయింది, నడుమ ఆమె కూర్చున్నంత మేర పల్లంగా.